పధ్నాలుగు అడుగుల కమాను

సామాను మొత్తం సోమవారం సాయంత్రానికల్లా బల్కంపేట షెడ్డులోంచి బయటపడాలని అర్షియా ముందే రాసింది. మంగళవారం ఎల్లమ్మ కల్యాణమని, ఆ సందుల్లోకి ఆ రోజు సైకిలు కూడా రానివ్వరని ఎర్ర అక్షరాల్లో రాసి మరీ పంజాగుట్ట ఆఫీసులో యజమాని బల్ల మీద పెట్టింది. ఆమె ఉద్యోగమే అది. ఎగ్జిబిషన్లలో కంపెనీలు పెట్టుకునే స్టాళ్లను వీళ్లు తయారుచేస్తారు. ఏ సామాను ఏ బండిలో, ఏ దారిన, ఎన్ని గంటలకు వెళ్లాలో అర్షియా అయిదేళ్లుగా ప్లాన్ వేస్తోంది.

ఈసారి స్టాల్ పళ్ల డాక్టర్ల పరికరాలు అమ్మే కంపెనీది. దీపాలు, టీవీ, బల్లలు సోమవారమే మాదాపూర్ ఎగ్జిబిషన్ హాలుకు వెళ్లిపోయాయి. మిగిలింది స్టాల్ ముందు నిలబెట్టే కమాను. పధ్నాలుగు అడుగుల వెడల్పు. ఎక్కడా అతుకు కనబడకూడదని ఒకే ముక్కగా చేయించారు. తీరా అంతా అయ్యాక ఆ కంపెనీవాళ్లు రంగు మార్చమన్నారు. యజమాని హనుమత్‌ప్రసాద్ గారు సరేనన్నారు.

"మంగళవారం పొద్దున్నే ఏడింటికి బండి తీసేస్తే ఎవరూ ఆపరమ్మా. నేను పోలీసులకి ఫోన్ చేసి చెప్తాగా," అన్నారాయన. అర్షియా ఇంకేదో అనబోయింది. "ప్లాన్ మీద సంతకం నీదే కదా, కొంచెం సర్దుకో," అని ఆయన వేరే ఫోన్ అందుకున్నారు.

రాత్రంతా ముసురు పట్టింది. రంగు ఆరేసరికి తొమ్మిది దాటింది. డీసీఎం వ్యాను బయలుదేరేసరికి తొమ్మిదిన్నర. నడిపేది బోరబండ నుంచి వచ్చే దిలావర్, అరవైకి దగ్గరపడిన మనిషి. పక్క సీట్లో అర్షియా. వెనక కమానును పట్టుకుని వడ్రంగి రాజనర్సయ్య, ఇద్దరు పనివాళ్లు.

రెండు మలుపులు తిరిగారో లేదో ఎదురుగా కర్రలు కట్టిన క్యూలైను వచ్చింది. దిలావర్ వెనక్కి తీద్దామని చూస్తే అప్పటికే వెనకా కర్రలు పాతేస్తున్నారు. ఎడమ పక్క ఎవరిదో ప్రహరీ. కుడి పక్క జనం. తలుపు తెరవబోతే జానెడు కూడా రాలేదు.

కానిస్టేబుల్ కిటికీ దగ్గరకు వచ్చి, ఈ బండిని లోపలికి ఎవరు రానిచ్చారని అడిగాడు. సాయంత్రం దాకా ఏదీ కదలదన్నాడు. అతనికి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అర్షియా ప్రసాద్ గారికి ఫోన్ చేసి చెప్పింది. ఆయన మాట్లాడి చూస్తానన్నారు. నాలుగింటికి హాలు గేటు మూసేస్తారని, ఆ తర్వాత మేకు కూడా లోపలికి పోనివ్వరని ఆమెకే గుర్తుచేశారు. ఆ తర్వాత పళ్ల పరికరాల కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. తర్వాత మళ్లీ ఆయనే చేశారు.

పదకొండు దాటింది. క్యాబిన్‌లో ఊపిరి ఆడటం లేదు. డప్పుల మోతకు అద్దం సన్నగా అదురుతోంది. బోనం నెత్తిన పెట్టుకున్న ఒకామె కిటికీ పక్కనే నిలబడి ఉంది. ఆమె మొహానికీ అర్షియా మొహానికీ మధ్య మూరెడు దూరం లేదు. చాలాసేపు ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టే ఉన్నారు.

చివరికి ఆమే అడిగింది. "నువ్వెటు పోవాలె బిడ్డా?"

మాదాపూర్ పోవాలని అర్షియా చెప్పింది.

"మేం గుడికి పోవాలె. అగో, గంత దూరమే ఉన్నది. పొద్దుగాల అయిదింటి సంది నిలబడ్డం," అని ఆమె నవ్వింది.

అర్షియాకు నవ్వు రాలేదు. బోనం ఎత్తుకున్నామె తనంతట తాను వచ్చి నిలబడింది. తనను మాత్రం ఎవరో తెచ్చి ఇక్కడ పెట్టారు. పైగా సంతకం తనదే. ఒళ్లో ఫోన్ మళ్లీ మోగింది. దాన్ని సీటు మీద బోర్లించి, చెప్పులు విప్పి, కిటికీలోంచి పైకి పాకింది. దిలావర్ కంగారుపడి కాళ్లు పట్టుకుని సాయం చేశాడు.

వెనక రాజనర్సయ్య కమాను మీద పడుతున్న పసుపును కండువాతో దులుపుతున్నాడు.

"కాకా, దీన్ని కొయ్యాలె. బండి పోదు, ముక్కలైతే పోతయి," అంది అర్షియా.

అతను దులపడం ఆపలేదు. "తొమ్మిది దినాలు పట్టింది బిడ్డా, గీ వంపు తియ్యనీకె."

"తెలుసు."

"సార్ చెప్పిండా?"

"లేదు. నేను చెప్తున్న."

రాజనర్సయ్య కమానును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి తడిమాడు. ఎక్కడ కోస్తే మళ్లీ గట్టిగా బిగించవచ్చో అతనికొక్కడికే తెలుసు. పెన్సిలుతో రెండు గీతలు గీశాడు. పనివాళ్లు రంపం అందుకోబోతే ఇవ్వలేదు. తనే కోశాడు. డప్పుల్లో ఆ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. రెండో కోత అయ్యాక కాసేపు అటు తిరిగి కూర్చున్నాడు.

ఈలోగా దిలావర్ బోరబండలో తెలిసినవాళ్లకు ఫోన్లు చేసి, ఎస్.ఆర్. నగర్ మెయిన్ రోడ్డు మీదికి మూడు ట్రాలీ ఆటోలు రప్పించాడు. మరి నువ్వెట్లా అని అర్షియా అడిగితే, "బండిని ఇడిసిపెట్టి యాడికి పోత బేటీ? ఫికర్ చెయ్యకు, పో," అన్నాడు.

ముక్కల్ని కిందికి దించే చోటు లేదు. పనివాడు ఒకడు మొదటి ముక్కను పైకెత్తి అటూ ఇటూ చూశాడు. క్యూలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే చేతులు చాచారు. ముక్క జనం తలల మీదుగా సాగింది, దాని వెనకే రెండోది, మూడోది. అమ్మవారి మంటపం అనుకుని కొందరు దాన్ని తాకి కళ్లకద్దుకున్నారు. రాజనర్సయ్య జనాన్ని తోసుకుంటూ, కళ్లు పైనే పెట్టి ముక్కల వెంట నడిచాడు.

మూడూ నలభైకి హాల్లోకి చేరారు. రాజనర్సయ్య లోపలి నుంచి పట్టీలు వేసి బిగించి, అతుకుల సందులు లప్పంతో పూడ్చి, రంగు వేశాడు. దగ్గరికెళ్లి చూస్తే రెండు సన్నని గీతలు కనబడతాయి. చూసేవాళ్లెవరూ అంత దగ్గరికి రాలేదు. దిలావర్ బండి సందులోంచి బయటపడేసరికి చీకటి పడిందని తర్వాత తెలిసింది.

మర్నాడు పంజాగుట్ట ఆఫీసులో ప్రసాద్ గారు హుషారుగా ఉన్నారు. ముక్కలుగా విడదీసే డిజైన్ మనదేనని కంపెనీవాళ్లకు చెప్పారట. వాళ్లు ముచ్చటపడి సెప్టెంబరులో విజయవాడ షోకు కూడా అదే కమాను కావాలన్నారట.

"డిజైన్ కాదు సర్. రాజనర్సయ్య కాకా కోసిండు. నేను కొయ్యమన్న."

"అదేలేమ్మా. ఎలాగోలా నువ్వు చేసేస్తావని నాకు తెలుసు," అన్నారాయన ఆప్యాయంగా.

తిట్టినా అంత బరువనిపించేది కాదు. ఆయన ముందుకు తోసిన కాగితం చూసింది. లోడింగ్ తేదీ వినాయక నిమజ్జనం రోజు.

అర్షియా ఆయన చెప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ అయిదేళ్లలో ఆ గదిలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. "తేదీ మార్చమని వాళ్లకు ఇప్పుడే ఫోన్ చెయ్యండి సర్. నేనిక్కడనే ఉంట."

తర్వాత చేస్తానన్నారాయన. ఆమె లేవలేదు. కింద ఫ్లైఓవర్ మీద బండ్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశారు. ఫోన్ కలిపారు. చాలాసేపు మాట్లాడారు. చివరికి వాళ్లు లోడింగును నిమజ్జనానికి ఒక్కరోజు ముందుకు జరిపారు. ఆమెకు కావలసింది రెండు రోజులు.

వాన పడకపోతే ఒక్కరోజు సరిపోతుంది. అర్షియా కాగితం తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లి, ముందు రాజనర్సయ్యకు ఫోన్ చేసింది.