స్టేషనమ్మ వద్దన్న మాట

ఆ వృద్ధాశ్రమం పై అంతస్తులో రోజు మొదలయ్యేది పండు గుజ్జుతో. సిస్టర్ గిన్నెలు సర్దుకుని, ఒక్కో మంచం దగ్గరా కూర్చుని చెంచాతో తినిపించేది. అక్కడ నోట మాట రానివాళ్ల మాటలు తినిపించినవాళ్ల నోట్లోంచి వస్తాయి. పక్షవాతంతో నోరు పడిపోయిన ప్లీడరుగారికి ముద్ద పెట్టిన ఆయా, "ఈ చప్పిడి కూడు ఎవడు తింటాడే" అని తనను తానే తిట్టుకుంటూ గది తుడిచేది. ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

స్టేషనమ్మకు మాత్రం ఇంకొకరి నోటితో పనిలేదు. ఉద్యోగమంతా రైల్వే స్టేషన్ మైకు ముందు గడిపిన మనిషి. మతి తప్పుతున్నా గొంతు తప్పలేదు. పొద్దువాలితే చాలు, సంచి చంకన పెట్టుకుని వరండాలోకొచ్చి, "ప్రయాణికులు దయచేసి గమనించగలరు" అని అందుకునేది. కొందరు ముసలాళ్లు నిజమేననుకుని చెప్పులు వెతుక్కునేవాళ్లు. అలా బయల్దేరిన ఒకాయన మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

ఆమెను కుదురుగా ఉంచడానికి డాక్టరు మాత్ర రాశాడు. స్టేషనమ్మ దాన్ని తిరిగి సిస్టర్ చేతిలోనే పెట్టేసింది.

"ఇది వేసుకుంటే నాలుక మొద్దుబారుతుందమ్మా. నోటి మీద బతికినదాన్ని. ఇది మాత్రం వద్దు."

సిస్టర్ ఆ మాట డాక్టరుకు చెప్పింది.

"మతి లేని మనిషి వద్దంటే వద్దన్నట్టా? కూతురు ఒప్పుకుంది. నూరి గుజ్జులో కలిపెయ్యండి" అన్నాడాయన.

అంత తేటగా వద్దన్న మనిషికి మతి లేదని సిస్టర్ అనుకోలేదు. అయినా నూరింది. తుంటి విరిగినాయన మూలుగు పక్కగదిలోంచి వినబడుతూనే ఉంది మరి.

కొద్ది రోజులకే స్టేషనమ్మ గడ్డం గుండెల మీదికి వాలిపోయింది, మాట పడిపోయింది. అంతస్తు సద్దుమణిగింది. ఆమె మాటలు సిస్టర్ నోటికి చేరాయి. బస్సులో టికెట్ అడగబోతే, "చేదుగా ఉంది, వద్దు" అని వచ్చేది. ఇంట్లో అన్నం వడ్డిస్తూ, "ఇందులో ఏం కలిపారు?" అనేది. మొగుడు మొదట్లో నవ్వాడు. పోనుపోను నవ్వడం మానేసి తన కంచంలో తనే వడ్డించుకోవడం మొదలుపెట్టాడు.

కూతురు చూడ్డానికొచ్చిన సాయంత్రం, తల్లి చొంగ తుడుస్తూ, "బాగానే ఉంటోందా సిస్టర్?" అని అడిగింది. బాగానే ఉన్నారని చెప్పడానికే సిస్టర్ నోరు తెరిచింది.

"చిట్టీ, నా తిండిలో ఏదో కలుపుతున్నారే. నువ్వు చెబితే ఆపుతారు."

కూతురు చెయ్యి ఎక్కడిదక్కడే ఆగిపోయింది. సిస్టర్ ముఖంలోకే చూస్తూ అంది. "నేనే కలపమన్నానమ్మా. ఇంట్లో ఉన్నప్పుడు రైలు పట్టాల దాకా వెళ్లిపోయేదానివి. నీ వెనక తిరిగీ తిరిగీ నా ఉద్యోగం ఊడింది. మళ్లీ నా వల్ల కాదు. ఇక్కడివాళ్లూ వద్దంటే నిన్నెక్కడ పెట్టుకోను?"

సిస్టర్ పెదవులు బిగబట్టింది. మాట ఆగలేదు. "అయితే నువ్వే పెట్టవే. పరాయి చేత్తో ఎందుకు?"

కూతురు గిన్నె అందుకుంది. మందు కలిపిన గుజ్జే. తల్లి నోరు తెరిచింది.

అప్పట్నుంచి పూటపూటా కూతురే వచ్చి పెట్టేది. సిస్టర్ నోరు తెరిపిన పడింది. హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు అన్నం సహించలేదు. కిటికీలోంచి చూస్తే, బస్టాపులో కూతురు తనలో తనే ఏదో అడుగుతూ, తనే జవాబు చెప్పుకుంటూ, కళ్లొత్తుకుంటూ కనబడేది.

ఒకరోజు ఆమె దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "సిస్టర్, ఇవాళ నా నోట అమ్మ మాట ఒక్కటీ రాలేదు. నిన్నా అంతే. నా మీద అలిగిందా, లేక లోపల ఏమీ మిగల్లేదా?"

సిస్టర్ మంచం వైపు చూసింది. స్టేషనమ్మ కళ్లు తెరుచుకునే ఉన్నాయి, ఎటూ చూడటం లేదు. ముఖం ముందు చెయ్యి ఊపినా రెప్ప కదల్లేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

"నిద్రపోతున్నారమ్మా" అంది సిస్టర్. ఆ మాట ఆమె సొంతదే.