బొమ్మ కొలతకు కుట్టిన జాకెట్టు

బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడాది అది. ఆ వానలకి మా చిలకలూరిపేట చుట్టుపక్కల పత్తి కూడా చెట్టుమీదే నల్లబడింది. దసరా ముందు స్తుతి ఊరికొచ్చింది.

స్తుతి బట్టల బొమ్మలు గీస్తుంది. కుట్టదు. గీస్తుంది, అంతే. దానికి హైదరాబాదులో డబ్బులిస్తారంటే నేను నమ్మలేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ స్పిన్నింగు మిల్లుకి పోతూ నా టైలరింగు కొట్లో వదిలేది. కటింగు బల్ల కింద కూర్చుని నా సుద్దముక్కలన్నీ అరగదీసింది. పదహారేళ్లకి జాకెట్టు మెడలు నోటుపుస్తకం నిండా గీస్తే, ఆడవాళ్లు వేలు పెట్టి "ఇదిగో, ఇది కుట్టు" అనేవాళ్లు. తర్వాత గుంటూరులో ఒక చీరల కొట్టు ప్రకటన కాగితాలకి గీసింది. ఆపైన హైదరాబాదులో రెండేళ్ల చదువు. అప్పట్నుంచి ఆ బొమ్మల్లో ఆడవాళ్లు పొడుగైపోయారు. నడుం పోయింది. ముక్కు కూడా పోయింది.

ఆడపిల్లల కాలేజీలో స్తుతికి సన్మానమంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి మూడో వరసలో కూర్చున్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఎవరో అడిగారు. బట్ట ఎగిరే తీరు ఫ్రాన్సులో ఒకాయన బొమ్మలు చూసి నేర్చుకుందట. గీత జపానులో ఒకావిడదట. ఎరుపు మాత్రం మన మిరప కళ్లాలదట. అందరూ చప్పట్లు. వాళ్లమ్మమ్మ ఆ కళ్లాల్లో తొడిమలు తీసి, చేతులు మండితే మజ్జిగలో ముంచుకునేది. మనవరాలికి ఆ ఎరుపు కాగితం మీద చల్లగా దొరికింది. నా పేరు ఎక్కడా రాలేదు. నేను చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు కొట్టుకొచ్చి ఒక బొమ్మ బల్ల మీద పరిచింది.

"మాబు తాతా, శుక్రవారం మా బట్టల కంపెనీ వాళ్లు గుంటూరొస్తున్నారు. నేను గీసింది కుట్టించి మనిషికి తొడిగి చూపించాలి. కుదిరితే ఉద్యోగం పర్మనెంటు. కుదరకపోతే మళ్లీ కొట్టుకొట్టుకీ తిరిగి బొమ్మలమ్ముకోవడమే."

"ఆది ఏది?" అన్నాను. మా దగ్గర కొత్త జాకెట్టు కుట్టించుకునే ఆడవాళ్లు ఒంటికి కుదిరిన పాత జాకెట్టు తెచ్చిస్తారు. అదే ఆది. అది లేకుండా కత్తెర పట్టను.

"బొమ్మే ఆది. అచ్చం ఇలాగే రావాలి. నీ పాత పద్ధతులు కలపకు, ప్లీజ్."

"ఈవిడేంటే ఇంత పొడుగు?"

"తొమ్మిది తలల పొడుగు తాతా. ఫ్యాషన్ బొమ్మ లెక్కే అంత."

"రావణాసురుడికి ఇంకొక్కటేగా ఎక్కువ."

స్తుతి నవ్వలేదు. నేను బొమ్మ మీదే టేపు పెట్టాను. తల కొలతని బట్టి మిగతావన్నీ లెక్కగట్టాను. నడుం ఇరవై మూడు అంగుళాలు తేలింది. చేతులు కర్రపుల్లలు. వేసుకోవాల్సింది మా వీధి అఖిల. దాని నడుం ఇరవై ఎనిమిదని కొలవకుండానే చెప్పగలను. నోరు మూసుకుని కుట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం గుంటూరు హోటల్లో అఖిల చెయ్యి మోచేతి దగ్గరే ఇరుక్కుపోయింది. లాగితే "అమ్మో, తెగుద్ది" అంది. కంపెనీ మేడమ్ కళ్లజోడు తీసింది.

"బొమ్మ బాగుందమ్మా. దీని లోపల ఒక మనిషి దూరాలని మాత్రం నువ్వు అనుకోలేదు. మేం రేపు పదకొండింటికి వెళ్లిపోతున్నాం."

టైలరు చెడగొట్టాడని స్తుతి అంటుందనుకున్నాను. అంటే అనడానికి నా దగ్గర మాట సిద్ధంగా ఉంది.

"టైలర్ గారి తప్పేం లేదండి. ఆది ఇవ్వకుండా కుట్టమంది నేనే."

నా మాట నా దగ్గరే ఉండిపోయింది.

బయట మెట్ల మీద కూర్చుని స్తుతి జాకెట్టు తిరగేసింది.

"కావాలనే కదా తాతా?"

"నువ్వు చెప్పినట్టే కుట్టాను."

"మరి లోపల మూడేసి వేళ్ల గుడ్డ వదిలావేం?"

చూశాను. రెండు పక్కలా వదిలాను, చేతుల్లోనూ వదిలాను. ఆడవాళ్లు ఒళ్లు చేస్తే కుట్లు విప్పుకుంటారని యాభై ఏళ్లుగా ప్రతి జాకెట్టుకీ అలాగే వదులుతాను. ఈ చెయ్యి నన్ను అడగలేదు.

"అలవాటు," అన్నాను.

జాకెట్టు నా ఒళ్లో పడేసి వెళ్లి బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పేట వచ్చేదాకా ఇటు తిరగలేదు.

మర్నాడు తెల్లవారి నమాజు కాగానే కొట్టు తీశాను. పక్క కుట్లు విప్పి లోపలి గుడ్డంతా బయటికి తీసి మళ్లీ కుట్టాను. చేతులు వెడల్పు చేశాను. చంక లోతు తీశాను. అది బొమ్మలో లేదు, మనిషికి ఉంటుంది. అఖిలని నిద్రలేపి తొడిగించాను. హుక్కులన్నీ పడ్డాయి. ఆ బొమ్మ మాత్రం ఇప్పటికీ నా కంటికి మనిషిలా లేదు.

స్తుతి వాళ్ల గుమ్మం ముందు నిలబడి కేకేశాను.

"లేవే! ఎనిమిదింటికి గుంటూరు బస్సు."

ముగ్గురం ఎక్కాం.