ఎవరికెంత వచ్చింది

బేకరీలో కిటికీ పక్క గోడకి వరసగా కొక్కేలుంటాయి. రోజూ కాఫీకి వచ్చేవాళ్ళ కప్పులు వాటికి వేలాడుతుంటాయి. జులైలో నది వీధిలోకి వచ్చినప్పుడు ఆ గోడ నడుము దాకా మునిగింది కానీ కప్పులకి ఏమీ కాలేదు. వాటిలో అంచు విరిగిన గోధుమరంగు కప్పు హైరమ్ కట్టర్‌ది. శనివారం పూట దాన్ని దించి, దుమ్ము తుడిచి, మళ్ళీ తగిలించడం థియా పని. తాగే మనిషి రాకపోతే కప్పుకి దుమ్ము పడుతుంది మరి.

హైరమ్‌ది రోడ్డుకి అవతల మరమ్మతుల దుకాణం. మంచు తోసే యంత్రాలు, రంపాలు, గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తాడు. థియా పుట్టకముందు నుంచీ తెల్లవారగానే రోడ్డు దాటి వచ్చి, మేపుల్ పాకం పూసిన డోనట్ ఒకటి కొరికి, "ఇవాళ గట్టిగా ఉందే, బూటు అడుగుకి పనికొస్తుంది" అనేవాడు. "ముందు పళ్ళు పెట్టించుకుని రా" అనేది బేకరీ నడిపే థియా వాళ్ళమ్మ కరీన్. అదే వాళ్ళిద్దరి పలకరింపు.

అక్టోబరులో అతను రావడం మానేశాడు.

అక్టోబరులోనే ప్రభుత్వం చిన్న దుకాణాలకి పంపిన వరద సాయాన్ని ఊరి కమిటీ పంచింది. ఎవరికెంతో చెప్పలేదు. "అందరూ దెబ్బతిన్నవాళ్ళే. నలుగురిలో పెట్టి ఒకరి కష్టాన్ని ఇంకొకరితో కొలవడం దేనికి?" అన్నాడు కమిటీ పెద్ద వారెన్. మంచి మనసుతోనే అన్నాడు. కానీ వారెన్ కరీన్‌కి పెదనాన్న కొడుకు. పైగా ఆ వారమే బేకరీలోకి తళతళలాడే పొయ్యి ఒకటి దిగింది. ఇంక ఊరికి అంతకన్నా ఏం కావాలి? కరీన్‌కి నలభై వేల డాలర్లొచ్చాయన్నారు. తర్వాత యాభై అన్నారు.

ఆ పొయ్యిని కెనడా క్యూబెక్‌లో మూతపడిన హోటల్లోంచి థియా మామయ్య తన ట్రక్కులో వేసుకొచ్చాడు. ఆ మాట కరీన్ అడిగినవాళ్ళకల్లా చెప్పింది. ఎవరూ కాదనలేదు, అలాగని నమ్మనూ లేదు. పొద్దుటిపూట జనం పలచబడ్డారు.

"మిగతావాళ్ళ సంగతి పోనీ" అంది కరీన్ ఒకరోజు పిండి పిసుకుతూ. "హైరమ్ కూడా నేను తిన్నాననుకుంటున్నాడు చూడు."

థియా మాట్లాడటం తక్కువ. కానీ ఆ మాట తల్లి గొంతులో ఎలా పలికిందో రెండు రోజులు మర్చిపోలేకపోయింది.

చలికాలమంతా కరీన్ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు కూడగట్టింది. సాయం అందిన ప్రతి దుకాణం పేరూ, మొత్తమూ ఊరి సభలో పైకి చదవాలని తీర్మానం పెట్టించింది.

ఏటా ఊరివాళ్ళంతా కూడి ఓట్లేసే ఆ సభ మార్చి మొదటి మంగళవారం, బడి వ్యాయామశాలలో. బయట మంచు కరిగి దారంతా బురద. ద్వారం దగ్గర బూట్ల గుట్ట. అధ్యక్షురాలు బీ వింగేట్ చెక్క సుత్తి పక్కన పెట్టుకుని కూర్చుంది. ఓటు వయసు రాని థియా పక్క బెంచీ మీద డోనట్ల పెట్టెలకి కాపలా ఉంది. కరీన్ తీర్మానం వచ్చేసరికి భోజనాల వేళ దగ్గరపడింది. వంటగదిలోంచి బీన్సు వాసన వస్తోంది.

పాల పశువులున్న డెల్బర్ట్ ముందు లేచాడు. "అధ్యక్షా, ఇవాళ దుకాణాల లెక్కలంటారు. రేపు మా వంటింటి గిన్నెల మూతలు తీసి చూస్తారు."

"నీ గిన్నెల్లో సర్కారు డబ్బు లేదు కదా డెల్బర్ట్" అంది కరీన్. "పన్ను కట్టనివాళ్ళ పేర్లు ఏటా ఊరి పుస్తకంలో అచ్చేస్తున్నాం. కిందటేడు నాదీ ఉంది. సిగ్గుపడ్డాను, కట్టాను. ఎవరూ చచ్చిపోలేదు. నేను ఎగ్గొట్టింది చదవచ్చు కానీ నాకు ఇచ్చింది చదవకూడదా?"

జనం నవ్వారు. అవునో కాదో అందర్నీ గట్టిగా అరవమంది బీ. రెండు వైపులా ఒకే మోత. లేచి నిలబడ్డవాళ్ళని లెక్కపెట్టాలని డెల్బర్ట్ పట్టుబట్టాడు.

ఒప్పుకున్నవాళ్ళని లేవమనగానే అందరికన్నా ముందు లేచింది హైరమ్. టోపీ తీసి ఛాతీకి ఆనించుకుని, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. కరీన్ మొహం రాయిలా అయిపోయింది. తన గుట్టు బయటపడటం చూడాలని అంత తొందరగా లేచాడనుకుంది. థియాకీ అలాగే అనిపించింది.

తీర్మానం నెగ్గింది. వారెన్ కళ్ళజోడు పెట్టుకుని జాబితా చదవడం మొదలుపెట్టాడు.

"కరీన్ పెల్టియర్, బేకరీ. తొమ్మిది వేల రెండు వందలు."

వెనకనుంచి ఎవరో "అంతేనా?" అన్నారు. ఒకామె గబుక్కున పర్సులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆమె కప్పు కూడా బేకరీ గోడకే ఉంది.

మంగలి దుకాణం, పాత పుస్తకాల కొట్టు, పూలకొట్టు. ఆఖరున, "హైరమ్ కట్టర్, మరమ్మతులు. ఇరవై రెండు వేల ఆరు వందలు."

అన్నిటికన్నా పెద్దది అదే. తలలన్నీ అటు తిరిగాయి. హైరమ్ మళ్ళీ లేచాడు.

"వరదప్పుడు నా షెడ్డు నిండా మీ మిషన్లే ఉన్నాయి" అన్నాడు. "నా సొంతవైతే బీమా వచ్చేది. పరాయివాటికి రాదన్నారు. బాగుపడేవి బాగుచేశాను. కానివాటికి కొత్తవి కొనిచ్చాను. మిగిలిందాంట్లో నాకో వేడెక్కే కుర్చీ కొనుక్కున్నాను, నడుము కోసం. అదీ చెప్పాలి కదా."

"నాకు ఒక్కడికే ఇచ్చానన్నావే" అన్నాడు వెనక వరసలోంచి ఒకతను. "ఎవరికీ చెప్పొద్దన్నావు."

"నీకూ ఇచ్చాడా?" అంది పూలకొట్టామె.

ఒక్కో చెయ్యీ లేవసాగింది. ఆఖర్న డెల్బర్ట్ కూడా, చెవి గోక్కుంటున్నట్టు, చెయ్యి సగం ఎత్తాడు. "చిన్న రంపమే లెండి" అన్నాడు. హాలంతా నవ్వులు. బీ సుత్తి కొట్టి, బీన్సు చల్లారిపోతున్నాయని సభని భోజనాలకి వదిలేసింది.

కరీన్ తిన్నగా హైరమ్ దగ్గరికి వెళ్ళింది. "నా దుకాణంవైపు చూడటం మానేసింది ఇందుకా?"

"వరదకి పెచ్చులూడిన నీ గోడకి ఇంకా గిలాబు లేదు. నాకేమో అంత వచ్చింది. నీ ఎదురుగా కూర్చుని డోనట్‌కి వంకలెలా పెట్టను?"

"ఊరంతా నాకు నలభై వేలొచ్చాయంటుంటే విన్నావుగా?"

హైరమ్ టోపీ నలిపాడు. "విన్నాను. పొయ్యి దింపుతుంటే కిటికీలోంచి చూశాను కూడా. క్యూబెక్ నంబరు బండి. ఆ మాట చెబితే, మరి నీకెంతొచ్చిందని నన్నడిగేవాళ్ళు. నోరు మూసుకున్నాను. తప్పే."

కరీన్ చేతులు కట్టుకుని అతన్నే చూసింది. ఆ తప్పు చిన్నదేం కాదని థియాకి తెలుసు. ఆ చలికాలం అమ్మ ఎన్ని డోనట్లు అమ్ముడుపోక పందులకి పంపిందో తను చూసింది.

థియా పెట్టె తెరిచి, మేపుల్ పాకం పూసిన డోనట్ ఒకటి కాగితం పళ్ళెంలో పెట్టి, వాళ్ళిద్దరి మధ్యా చెయ్యి చాపింది. పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడింది.

హైరమ్ కరీన్ వంక చూశాడు, థియా వంక చూశాడు. తీసుకుని కొరికాడు. నమిలాడు.

"మెత్తగా ఉంది" అన్నాడు.

"నిజం చెప్పు" అంది కరీన్.

"గట్టిగానే ఉంది."

"పొద్దున్న చేసినవి మరి, ఈ సభ తెమలాలి కదా." కరీన్ మొహం సడలింది. "రేపట్నుంచి రా. అయిదు నెలల డోనట్లకి డబ్బులు కూడా తీసుకురా, తినకపోయినా సరే. ఇరవై రెండు వేలవాడివి."

ఆ పేరు పక్క వరసలో ఎవరో విన్నారు. సాయంత్రానికి ఊరందరి నోటా అదే. ఇప్పటికీ పొద్దున్నే అతను రోడ్డు దాటుతుంటే, బేకరీలో ఎవరో ఒకరు "అదిగో, ఇరవై రెండు వేలు వస్తున్నాడు" అంటారు. అతను వచ్చి గిలాబు పూర్తయిన గోడ పక్కన కూర్చుంటాడు. అప్పటికే థియా గోధుమరంగు కప్పు దించి, కాఫీ పోసి ఉంచుతుంది. శనివారం పూట తుడవడానికి దానిమీద దుమ్మే ఉండటం లేదు.