రేవు నిచ్చెన

మా అక్క బోర్గ్‌హిల్డ్ రోజూ పొద్దున్నే సముద్రంలో మునిగి వస్తుంది. మంచు పడినా మానదు. పోయిన మంగళవారం నీళ్లలోకి దిగే రేవు నిచ్చెన ఒక పక్క ఊడి, ఆమెతోపాటే ఒరిగింది. మోకాలు చీరుకుపోయింది. నిరుడే పాతదాని చోట బిగించిన అల్యూమినియం నిచ్చెన అది.

"ఎవడు ఊడదీశాడో తేలేదాకా నీళ్లలో కాలు పెట్టను" అంది.

అక్క సముద్రం మానేసిందంటే మంచం పట్టినట్టే.

నా అనుమానం పక్కింటి ఐలెర్ట్ మీద. నిచ్చెన ఉన్నచోటే తన పడవ కట్టుకోవాలని రెండేళ్లుగా గొడవ. అందుకే వంటింటి కిటికీ దగ్గర కాఫీ పెట్టుకుని రేవు మీద కన్నేసి కూర్చున్నాను. శనివారం అతను వచ్చాడు. అటూ ఇటూ చూసి నిచ్చెన దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చేతిలో పానా.

వెళ్లి వెనక నిలబడ్డాను.

"ఏం ఐలెర్ట్, రెండో పక్క కూడా కానిచ్చేద్దామనా?"

అతను తిరిగి చూడలేదు. "వస్తావనుకున్నాలే. మంగళవారం నుంచి నా కన్ను నీ కిటికీ మీదే ఉంది."

"నా మీదా?"

"మీ అక్క ఇల్లు రేపు ఎవరికొస్తుందోయ్, నాకా?"

"విప్పు, చూద్దాం" అన్నాను.

బోల్టు తిరగలేదు. గట్టిగా లాగితే ఊడి వచ్చింది. అది మెరుస్తూనే ఉంది. దాని చుట్టూ అల్యూమినియం మాత్రం తెల్లటి పిండై రాలింది. నల్ల ప్లాస్టిక్ వాషరు ఉండాల్సిన చోట, నడుమ చిల్లున్న ఐదు క్రోనర్ల నాణెం ఉంది.

ఆ నాణెంలో చాలావరకు రాగే. ఉప్పునీళ్లలో రాగి ఆనుకుంటే అల్యూమినియం మిగలదని పడవ ఉన్న ప్రతివాడికీ తెలుసు. మా ఇద్దరికీ పడవలున్నాయి. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అక్కకు పడవ లేదు, ఈ సంగతీ తెలియదు.

నాణెం తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాం.

"నేనే మార్చాను" అంది. "ఆ ప్లాస్టిక్ ముక్కలు పిల్లల బొమ్మల్లోవిలా ఉన్నాయి. నాణెం గట్టిది కదా. దీనికీ నా మోకాలికీ ఏమిటి సంబంధం?"

చెప్పాం. చివరిదాకా విని కళ్లు చిన్నవి చేసింది.

"రెండేళ్లుగా మాటల్లేనివాళ్లు, ఇద్దరూ ఒకే కథ చెప్తున్నారే."

ఆ సాయంత్రమే పిండైపోయిన చోటు వదిలేసి పక్కన కొత్త రంధ్రాలు వేశాం. బోల్టులకు ప్లాస్టిక్ గొట్టాలు తొడిగి, నల్ల వాషర్లు వేసి, ఒక లోహం ఇంకో లోహానికి తగలకుండా బిగించాం.

పొద్దున్నే అక్క తువ్వాలు భుజాన వేసుకుని వచ్చింది. నిచ్చెన పట్టుకుని ఊపి చూసింది. పక్కకు జరిగింది.

"ముందు మీరు దిగండి."

"అక్టోబరు నీళ్లు, బోర్గ్‌హిల్డ్" అన్నాడు ఐలెర్ట్.

"ఒకరి తరవాత ఒకరు కాదు. ఇద్దరూ ఒకేసారి."

ఐలెర్ట్ నా వంక చూశాడు. నేను చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాను.