మార్కు చెయ్యి

ఏటా ఫిబ్రవరిలో గుంటూరులో మిర్చి వర్తకుల సదస్సు జరిగేది. జరిపేది సంఘమని పేరేగానీ, చాకిరీ అంతా సంతోషకుమారిదే. బొంబాయి, కలకత్తా షావుకార్లకి లాడ్జి గదులు, స్టేషనుకి కార్లు, జేబుకి పెట్టుకునే పేరు బిళ్లలు, నీచు తినని వాళ్లకి వేరే బంతి, అన్నీ ఆమే చూడాలి. ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెడితే మధ్యాహ్నానికి బేరం కుదురుతుందో కూడా ఆమెకే తెలుసు. ఆ ఉద్యోగం ఇప్పించింది మిర్చి షావుకారు చెంచురామయ్య. "తండ్రి చేసినదానికి పిల్లేం చేస్తుందిలే, పాపం" అని పదిమందిలో అనేవాడు. అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్లు మండిపోయేది.

ఆ తండ్రి పేరు మార్కు, మిర్చి యార్డులో దళారీ. అక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. అయిదేళ్ల కిందట చెంచురామయ్య, మార్కు వేళ్లు నొక్కి, క్వింటాలు ఎనిమిది వందలన్నాడు. ఆ మాట మీద రైతులు మూడొందల బస్తాలు దింపారు. మర్నాడు ధర పడిపోయింది. "నేనన్నది ఆరొందలు. మార్కే అబద్ధమాడాడు" అని ప్లేటు ఫిరాయించాడు ఆ పెద్దమనిషి. తువ్వాలు కింద చూసినవాడెవడు? మార్కుని యార్డు గేటు దాటనివ్వలేదు. చర్చిలో కానుకల పళ్లెం పట్టే పని కూడా తీసేశారు. "బైబిలు మీద ఒట్టయ్యా" అని మొత్తుకున్నాడు. ఒక్కడు వింటేగా! ఏడాది తిరక్కుండా పోయాడు.

చచ్చిపోయిన వారం రోజులకి యార్డుకొచ్చాడు. మనిషి కాదు, కుడిచెయ్యి మాత్రం. ఏ ఇద్దరు తువ్వాలు కింద చేతులు పెట్టినా అక్కడ మూడో చెయ్యి తగిలేది. ధర న్యాయమైతే బొటనవేలితో మెల్లగా నొక్కేది, కాకపోతే ఊరుకునేది. నాలుగు రోజుల్లో అందరికీ అలవాటైపోయింది. "మార్కు నొక్కాడు, తూకం వేయించండి" అనేవాళ్లు. "బతికుండగా లేని బుద్ధి చచ్చాక వచ్చింది" అని మెచ్చుకునేవాళ్లు కూడాను, సిగ్గులేని జనం. ఒక్క చెంచురామయ్య మాత్రం తువ్వాలు జోలికి పోవడం మానేశాడు. బేరాలన్నీ ఫోన్లోనే.

ఎనభై ఆరులో ఆయన్ని సంఘానికి అధ్యక్షుణ్ని చేశారు. సదస్సు ఆహ్వానపత్రికలో సంతోషకుమారి ఒక వాక్యం చేర్చింది: నూతన అధ్యక్షులచే బొంబాయి అతిథితో, తువ్వాలు కింద, బోణీ బేరం. కార్యదర్శి యలమందయ్య "భలే ఉందమ్మాయ్" అన్నాడు. చెంచురామయ్య చూసేసరికి కార్డులు పోస్టులో పడిపోయాయి.

"ఇదెవరు రాయమన్నారు?" అని ఆఫీసుకొచ్చి అరిచాడు.

"బొంబాయివాళ్లు మన పద్ధతి చూడాలని ముచ్చటపడుతున్నారండి."

"తీసెయ్."

"ఇప్పుడు తీసేస్తే మీరు భయపడ్డారనుకుంటారండి."

"నాకేం భయం?"

"నేనూ అదే అంటున్నానండి" అంది సంతోషకుమారి, టైపు మిషను మీంచి తలెత్తకుండా.

సదస్సు రోజు పొద్దున పదింటికి, రెండొందల మంది ఎదుట, ఆమే కొత్త మంగళగిరి తువ్వాలు పరిచింది. చెంచురామయ్య నవ్వుతూ చెయ్యి లోపలికి పోనిచ్చాడు. నవ్వు అట్టే ఆగిపోయింది. లాగాడు. రాలేదు. బొంబాయి షావుకారు తన చెయ్యి తీసుకుని పక్కకి జరిగాడు. తువ్వాలు కింద ఇంకా రెండు చేతులు కదులుతున్నాయి.

"మార్కు వచ్చాడు" అన్నారు ముందు వరసలో, మామూలుగా.

సంతోషకుమారి మైకు తెచ్చి చెంచురామయ్య నోటి దగ్గర పెట్టింది. "ఆ రోజు ఎంతన్నారండీ?"

"అమ్మాయ్, వదలమను. వేళ్లు విరిగిపోతున్నాయ్!"

"ఎంతన్నారో చెప్పండి."

"ఎనిమిది వందలు... ఎనిమిది వందలే అన్నాను. మార్కు అబద్ధమాడలేదు."

"వెనకవాళ్లకి వినపడలేదండి."

మూడుసార్లు చెప్పించింది. బయట చెట్లకి కట్టిన మైకుల్లో రైతులూ విన్నారు. మూడోసారికి చెయ్యి ఊడివచ్చింది.

తర్వాత పరిచయాల గంట. ఊరూరి షావుకార్లు వరసగా నిలబడి ఒకరికొకరు చేతులు కలుపుకుంటున్నారు. చెంచురామయ్య కూడా చెయ్యి చాచాడు. బొంబాయి ఆయన నమస్కారం పెట్టేశాడు. కలకత్తా ఆయన జేబులో ఏదో వెతుక్కున్నాడు. ఆ చెయ్యి అట్లా చాచుకుని ఆ చివరిదాకా పోయాడు, ఒక్కడంటే ఒక్కడు పట్టుకోలేదు. భోజనం చెయ్యకుండానే కారెక్కాడు. చేతులు కట్టుకుని అంతా చూసిన సంతోషకుమారికి కడుపు చల్లబడింది.

భోజనాలవేళ యలమందయ్య కంగారుగా వచ్చాడు. "బేరాలు మొదలెట్టారమ్మా. మార్కు ఎవరికీ తగలడం లేదు. కూతురివి, నువ్వు పిలిస్తే వస్తాడేమో."

"బతికుండగా గేటు దగ్గర నిలబడి బతిమాలాడు. అప్పుడు పిలిచారా?" అంది. "పిలవను. మీ చావు మీరు చావండి."

ఆయన తలదించుకుని వెళ్లిపోయాడు. హాలు ఖాళీ అయింది. ఆడవాళ్లు తువ్వాలు కింద చెయ్యి పెట్టే ఆచారం లేదు. అందుకే యార్డంతా పట్టుకున్న ఆ చెయ్యి కూతురికి ఇన్నేళ్లూ అందలేదు. సంతోషకుమారి అటూ ఇటూ చూసి, వేదికెక్కి, తువ్వాలు కిందకి చెయ్యి పోనిచ్చింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెతికింది. బల్ల చెక్క తప్ప ఏమీ తగల్లేదు.

"పని అయిపోయిందని వెళ్లిపోయావా నాన్నా? నా చెయ్యి ఒక్కసారి పట్టుకుని పోకూడదూ?" అని బల్ల మీద తలపెట్టుకుని భోరుమంది.