పేరు కుదరని చెక్క

నేను ఒక టేకు చెక్కను. చూసినవాళ్ళు నేమ్ బోర్డు అంటారు. అననీండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే నేనెవరి పేరు మొయ్యాలన్నదే చాలాకాలం అంతుపట్టలేదు.

కాకినాడ కలప అడితిలో మూలన పడున్న నన్ను హైమ కొనుక్కొచ్చింది. విడాకులయ్యాక తనంతట తాను అద్దెకు తీసుకున్న మొదటి ఇల్లు. తలుపు మీద తన పేరు తన చేత్తోనే వేసుకోవాలని ఆమె పట్టుదల. నన్ను డైనింగ్ టేబుల్ మీద పడుకోబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, తెల్లరంగు పూసింది. స్టిక్కర్ల షాపులో పేరు కోయించిన వినైల్ షీటు తెచ్చి, సూదితో అక్షరాలు ఊడబెరికి, మిగిలిన షీటు నాకు అంటించింది. ఆ ఖాళీల్లో నీలంరంగు అద్ది షీటు లాగేస్తే పేరు తేలుతుందట. పేరు కావాల్సినవాళ్ళు అక్షరాలనే పారేయడమేమిటో! ఈ మనుషులు నాకు అర్థం కారు.

మొదట 'యర్రంశెట్టి హైమవతి'నయ్యాను. అది విడిపోయిన మొగుడి ఇంటిపేరు. అదే ఉండనీ, లేకపోతే అపార్ట్‌మెంట్లో అందరూ ఆరాలు తీస్తారని వాళ్ళన్న వీరభద్రం చెప్పాడు. హైమ నన్ను చూసి చూసి ఏడ్చింది. ఉప్పుకాగితం అందుకుంది. నా చర్మం లేచిపోయింది.

తర్వాత 'అడబాల హైమవతి'. అది పుట్టింటిది, తల్లి నాగరత్నం పెట్టమన్నది. ఈసారి రంగు షీటు కిందికి పాకి అక్షరాలు ముద్దయ్యాయి. ముద్దవకపోయినా ఉంచేది కాదేమో.

"పెళ్ళిచేసి పంపేటప్పుడు ఈ ఇంటిపేరు ఇక నీది కాదన్నారు కదమ్మా, ఇప్పుడు నాదెలాగవుద్ది?" అని తల్లిని ఫోనులో అడిగింది.

మళ్ళీ గీకుడు. తలుపెక్కకుండానే అరిగిపోతానని నాకు బెంగ పట్టుకుంది. మనిషి ఒకతే, తలుపు ఒకటే. ఈ గొడవంతా ఏమిటి తల్లీ అని అడుగుదామంటే నాకు నోరా పాడా!

చివరికి ఒట్టి 'హైమవతి' అని అద్దింది. షీటు అంచుల వెంట ముందు తెల్లరంగే పూసి ఆరనిచ్చింది కాబట్టి నీలం పాకలేదు. నన్ను తలుపుకు బిగించి, ఎదురుగా నిలబడి నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆదివారం నాగరత్నం వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అయిపోయాను, మళ్ళీ ఉప్పుకాగితమే అని బిగుసుకుపోయాను. ఆవిడ తిట్టలేదు. వేలితో అక్షరాలు తడిమింది. తాను కాపురం చేసిన ఇళ్ళకు మామగారి పేరో మొగుడి పేరో ఉండేదని, తన పేరు శుభలేఖలో తప్ప ఎక్కడా చూసుకున్నట్టు గుర్తులేదని మెల్లగా అంది. తర్వాత కూతురివైపు తిరిగింది.

"నాకూ ఒకటి చేసిపెట్టవే."

"ఇంటిపేరు ఏది వెయ్యమంటావమ్మా?"

ఆవిడ నాకంటే ఎక్కువ తికమకపడింది.

"ముందు నా పేరు పెద్ద అక్షరాలతో వెయ్యి. చోటు మిగిలితే అప్పుడు చూద్దాంలే."