కింద పెట్టిన కాఫీ

ముతషర్ కాచే కాఫీ ఎంత చేదంటే, పక్కనున్న పాటిదిబ్బ కింద వేల ఏళ్లుగా పడుకున్న రాజులు కూడా ఆ వాసనకి అటు తిరిగి పడుకుంటారని ఊరి నమ్మకం. ఊరంటే గుప్పెడు ఇళ్లే. కుక్కలు మాత్రం జిల్లాకి సరిపడా ఉన్నాయి.

ఆ పొద్దున రెల్లు సావిడిలో ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. తవ్వకాల అధికారి రిహాబ్ నాసిరియా పట్నం నుంచి వచ్చింది. దిబ్బకి పడమటి వాలు తవ్వాలంటోందని ముందే కబురందింది. ఊళ్లో పోయిన పసిపిల్లలందరినీ పూడ్చింది ఆ వాలులోనే. సావిడి పెద్ద షనావా కూతురు నూరియా కూడా అక్కడే ఉంది. అతను యుద్ధంలో ఉండగా పుట్టి, అతను తిరిగొచ్చేలోపే పోయింది.

"కుదరదని చెప్పెయ్ బావా," చెవిలో గొణిగాడు ముతషర్.

"అతిథి నోరు విప్పకముందే కుదరదంటారట్రా? ముందు నువ్వు కాఫీ పొయ్యి."

పోశాడు. పిడి లేని చిన్న గిన్నె. వేళ్లు చురుక్కుమని, రిహాబ్ దాన్ని చాప మీద పెట్టేసింది.

సావిడిలో తలలన్నీ ఆ గిన్నె వైపు తిరిగాయి. కాఫీ తాగకుండా కింద పెడితే అక్కడ ఒకటే అర్థం: నాకో కోరిక ఉంది, తీరిస్తేనే తాగుతాను. అతిథి అలా అడిగితే కాదనడం పరువు తక్కువ.

షనావా గిన్నె వైపు చెయ్యి చూపించాడు. "తాగమ్మా. నువ్వు అడగబోయేది ఇచ్చేశాను."

"అయ్యో, అది కాదు పెద్దాయనా! వేళ్లు కాలాయి, అంతే!"

"మాట జారిపోయింది తల్లీ. వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు."

"నా కాఫీ ఇన్నాళ్లూ మనుషుల నిద్రే చెడగొట్టింది," అన్నాడు ముతషర్ నేల చూపులు చూస్తూ. "ఇప్పుడు పిల్లల నిద్ర కూడా."

రిహాబ్ గిన్నె వంక చూసింది. "సరే, అడుగుతున్నా. పిల్లలు ఎక్కడెక్కడున్నారో మీరే వచ్చి చూపించండి. అక్కడ పార పడకుండా నేను చూసుకుంటా."

చల్లారిన కాఫీ గటగటా తాగేసింది. సావిడంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

"లే బావా, ముందు నూరియాది చూపించు."

షనావా లేవలేదు. "నాకు తెలీదురా," అన్నాడు మెల్లగా.

ఆ వాలులో గుర్తులుండవు. తల్లులకి తెలుస్తుంది, అంతే. అటుగా వెళ్లినప్పుడల్లా అతను వాలు మొత్తానికీ కలిపి ఒక సలాం పెట్టి వచ్చేవాడు. ఎక్కడని భార్యని అడగలేదు. అడిగితే ఆమె ఏడుస్తుందని, ఆమె ఏడిస్తే తనూ ఏడవాల్సి వస్తుందని భయం.

ఇంటి వెనక హస్నా మట్టిపొయ్యి గోడకి రొట్టెలు చరుస్తోంది.

"హస్నా, మన పిల్ల ఎక్కడుంది?"

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లోపల రొట్టె మాడి పొగ లేచింది. ఆమె తీయలేదు. చేతుల పిండి దులుపుకుని నడిచింది. వెనకాలే షనావా. సావిడిలోంచి ఎవరూ వెంట వెళ్లలేదు. కుక్కలు సైతం.

వాలు సగంలో హస్నా ఆగింది. అతను అక్కడే కూలబడ్డాడు. రెండు చేతులతో మట్టిని తడిమాడు.

ఆమె అతని భుజం పట్టుకుంది.

"కాస్త జరుగయ్యా. దాని కాళ్ల మీద కూర్చున్నావు."